కళ్ళ ముందు పెట్టిన ఫిల్టరు

పెట్రోలు వాసన మొదట నాకే వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ సంగతి స్పష్టంగా రాసి పెట్టదలచుకున్నాను. ఎందుకంటే ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మా వాళ్ళు "అప్పుడు మాకందరికీ వాసనొచ్చింది గదా" అంటారు. వాళ్ళకు రాలేదు. తొంభైల చివర్లో, ఒక ఏప్రిల్ సోమవారం ఉదయం, నాంపల్లి స్టేషను ముందర బస్సులకూ ఆటోలకూ మధ్య మా కారు ఇరుక్కుని ఉన్నప్పుడు నాకొక్కడికే వచ్చింది.

కారు మా అక్కది. నడుపుతున్నదీ అక్కే. నేను పక్క సీట్లో ఉన్నాను.

"పెట్రోల్ వాసనొస్తుందక్కా," అన్నాను.

"పెట్రోల్ బండిల మల్లెపూల వాసనొస్తదా?"

"గట్ల కాదు. ఎక్కడో కారుతుంది."

"గది ముంగటి ఆటోది."

"ఆటోది కాదు. మనదే."

అక్క బ్రేకు చేతిమీట వదిలి కారును నాలుగడుగులు ముందుకు పోనిచ్చింది. "నీకున్నది ముక్కు కాదు తమ్మీ, కంప్లెయింట్ బుక్కు. పొద్దుగాల్నే తెరుస్తవ్," అంది.

నేను అబిడ్స్‌లో నా ఆఫీసు దగ్గర దిగాను. దిగాక కారు గన్‌ఫౌండ్రీ వైపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఫుట్‌పాత్ మీదే నిలబడ్డాను. వెనక అద్దంలో తను నన్ను చూసి ఉంటుంది. చూడాలనే నిలబడ్డాను.

అక్కకు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి తొడ దాకా ఇనుప కడ్డీల కాలిపర్. కుడి కాలు అంతంత మాత్రం. చంకల కింద కర్రలు. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఉద్యోగం చేసేది. నేను ఒక బీమా ఆఫీసులో క్లెయిముల సెక్షన్ గుమాస్తాని. మాది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. హైదరాబాదులో ఇద్దరమే, నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి వాటాలో ఉండేవాళ్ళం. కర్రలు లోపలికి అందుకుని ఆమెను ఎక్కించే ఓపిక లేక బస్సు కండక్టర్లు రైట్ రైట్ అని తట్టేసిన రోజులు నాకు ఒక్కొక్కటిగా గుర్తున్నాయి. అందులో మూడింటి మీద డిపోకు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబు వచ్చింది. అందులో నా పేరు తప్పుగా రాశారు.

అందుకే కారు. మెదక్ మిషన్ దవాఖానలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరమ్మ తన పాత కారు అక్కకు ఇచ్చింది. అప్పటికే దానికి పాతికేళ్ళు దాటాయి. మా సందు చివర షెడ్డు ఉన్న మెకానిక్ దాన్ని అక్కకు తగినట్టు మార్చాడు. క్లచ్చుకీ బ్రేకుకీ చేతిమీటలు, స్టీరింగ్ కింద ఆక్సిలరేటరు కడ్డీ. అందరూ అతన్ని ఉస్తాద్ అనేవారు. ఆ మీటల పని అతను బాగా చేశాడు. ఆ మాట చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు.

చిక్కల్లా ఎండాకాలంలోనే. ఇంజన్ పక్కనుండే పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరై, కారు ఎక్కడంటే అక్కడ ఆగిపోయేది. అలాంటి పాత కార్లు నడిపేవాళ్ళు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగేవారు. వాళ్ళు దిగగలరు. అక్క దిగాలంటే మోకాలి దగ్గర కాలిపర్ గొళ్ళెం విప్పాలి, చేతులతో ఒక్కొక్క కాలూ ఎత్తి బయట పెట్టాలి, వెనక సీటు నుంచి కర్రలు లాక్కోవాలి. అందుకని లోపలే కూర్చునేది. ఒకసారి అబిడ్స్ చౌరస్తాలో అలా ఆగితే, ఎవరో నలుగురు కారును పక్కకు తోశారు. స్కూటరు మీద పోతున్న ఒకాయన కిటికీలోకి వంగి, "గిసొంటోళ్ళకు కారెందుకమ్మా, ఇంట్ల కూసోక," అన్నాడట. అక్క ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. ఆ స్కూటరు నంబరు చూసిపెట్టుకోలేదని అక్క మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ తర్వాత ఉస్తాద్ పాత పంపు పీకేసి, వెనక ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టాడు. తాళంచెవి తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వచ్చేది. ఆగిపోవడం తప్పింది. పెట్రోలులో చెత్త ఆపడానికి రెండు ఫిల్టర్లు వేశాడు. పంపుకు ముందు ట్యాంకు దగ్గర ఒకటి, ముందువైపు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరుకు పోయే దారిలో ఒకటి. ఈ ముందువైపు ఫిల్టరును మొదట బ్యాటరీ కిందుగా, చీకటి మూలలో పెట్టాడు.

నాకూ అతనికీ చెడింది ఆ ఫిల్టరు దగ్గరే. డిసెంబరులో సర్వీసింగుకు ఇస్తూ దాన్ని మార్చమన్నాను. మారుస్తానన్నాడు. ఇచ్చేముందు ఆ ఫిల్టరు మీద మేకుతో మూడు గీతలు గీశాను. కారు తిరిగొచ్చాక టార్చీ, గడ్డం గీసుకునే అద్దం పెట్టి చూస్తే మూడు గీతలూ అక్కడే ఉన్నాయి. వెంటనే షెడ్డుకు పోయి అడిగాను. అప్పుడక్కడ నలుగురు కస్టమర్లున్నారు. ఉంటే ఉన్నారు.

"సామాన్ల దుకాణం బంద్ ఉండె సార్. గాలి కొట్టి సాఫ్ జేసి పెట్టిన. నాలుగు రోజులాగి మారుస్తుంటి," అన్నాడు.

"మారుస్తానన్నావు. మార్చలేదని చెప్పలేదు."

"గీతలు గీసిచ్చిన్రా? నా మీద గీతలు గీసిచ్చిన్రా సార్?" చేతిలో పానా కింద పెట్టేశాడు. "అందరి ముంగట దొంగను జేసిన్రు."

"దొంగ అనలేదు. గీతలున్నాయన్నాను."

మర్నాడు కొత్త ఫిల్టరు వేసి, బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు. ప్లాస్టిక్‌ది, లోపల కనబడేది. కార్బురేటరు పక్కనే, అన్నిటికన్నా పైన, మొహం ఎదురుగా పెట్టాడు. "ఇగో. కండ్ల ముంగట్నే పెట్టిన. బానెట్ లేపుడే, చూసుడే. పెట్రోల్ వచ్చేది గూడ కనబడ్తది. ఇగ మేకుతోని పని లేదు సార్," అన్నాడు. షెడ్డులో వాళ్ళంతా నవ్వారు. నేను పట్టించుకోలేదు. అడిగితేనే పని జరుగుతుందని ఆఫీసులో చెప్పుకున్నాను కూడా. కొన్నాళ్ళు ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, పచ్చగా మెరిసే పెట్రోలు చూసి, మూసేవాణ్ణి. మార్చి నుంచి ఆ అలవాటు తప్పింది.

ఏప్రిల్‌లో ఆ సోమవారం సాయంత్రం ఇంటికి రాగానే బానెట్ ఎత్తాను. అక్క వచ్చి గంటన్నర అయింది, సందులో వెలుతురు తక్కువ, ఇంజన్ చల్లగా ఉంది. వేలితో తడిమితే ఎక్కడా తడి లేదు, వాసన లేదు. ఉస్తాద్ దగ్గరికి పోయి చెప్పాను. ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. కింద నుంచే, "ఎండల గట్లనే ఉంటది సార్. కార్బురేటర్ నిండి పొర్లుతది. ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు. ఆటో కింద నుంచి తల కూడా బయటికి పెట్టలేదు.

మంగళ, బుధవారాల్లో మళ్ళీ వచ్చింది. అబిడ్స్ రద్దీలో, ఇంజన్ బాగా వేడెక్కినప్పుడు మాత్రమే. ఇంటికొచ్చి చూసేసరికి ఏమీ ఉండదు. చూపించడానికి చేతిలో ఏమీ లేకుండా ఫిర్యాదు చేయడం కన్నా ఘోరం ఇంకొకటి లేదు. మా సెక్షన్‌లో కాలిపోయిన కార్ల ఫైళ్ళు నా బల్ల మీదుగానే పోయేవి. సర్వేయరు రాసేది రెండు మూడు వాక్యాలే. పెట్రోలు కారింది, వేడి ఇనుము మీద పడింది, అంటుకుంది. ఫోటోల్లో సీట్ల స్ప్రింగులు మిగిలి ఉండేవి. బుధవారం సాయంత్రం అక్క ఇంటి ముందు కారు దిగుతుంటే ఆమెకు తెలియకుండా మనసులో అంకెలు లెక్కపెట్టాను. కర్రల మీద నిలబడేసరికి నలభై ఆరు.

ఆ ఆదివారం అక్క మెదక్ పోవాలి. చిన్నప్పుడు తను చదివిన మిషన్ బాలికల హాస్టల్లో పాత స్నేహితురాళ్ళంతా కలుసుకుంటున్నారు. పొద్దున గుడిలో, అంటే చర్చిలో ఆరాధన, మధ్యాహ్నం హాస్టల్లో భోజనం. బడికీ గుడికీ బావికీ అక్కను వంతులవారీగా వీపున మోసుకుపోయింది ఆ పిల్లలే. వాళ్ళ ముందు కారు నడుపుకుంటూ దిగాలని ఆర్నెల్ల నుంచి అనుకుంటోంది. సికింద్రాబాదులో ఉండే ఒక స్నేహితురాలిని ఎక్కించుకుని వెళ్తుంది. నన్ను రమ్మనలేదు. రమ్మనలేదేమని నేనూ అడగలేదు.

గురువారం రాత్రి భోజనాలకు ముందు నేను కారు తాళంచెవి తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. అక్కకు ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది.

"తాళంచెవి ఇయ్యి."

"వాసన ఎక్కడిదో తేలనియ్యి. ఇస్త."

"నీ కాళ్ళు నేనెప్పుడన్న దాచిన్నా?"

నేను కంచాలు తెచ్చి పెట్టడం మొదలుపెట్టాను.

"గవి నా కాళ్ళు. బీరువాల పెడ్తవా?" ఆమె గొంతు పెంచలేదు. "కారు వద్దన్నోళ్ళు శానమంది ఉన్నరు తమ్మీ. గా స్కూటరాయన ఉన్నడు. ఇప్పుడు నువ్వు గూడ మొదలువెట్టు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడితో నన్ను కలిపింది. తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఒక్కటే అడిగాను. శనివారం బ్యాంకు సగం రోజే కాబట్టి, మధ్యాహ్నం కారు వేడిగా ఉండగానే నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోవాలి, చల్లారకముందే బానెట్ ఎత్తాలి. సరేనంది.

శనివారం రెండు గంటలప్పుడు గన్‌ఫౌండ్రీ నుంచి బయల్దేరాం. అబిడ్స్ చౌరస్తాకు వచ్చేసరికి కదలడానికి లేదు. నడినెత్తిన ఎండ. వేడిసూచిక ముల్లు పైకి ఎక్కుతోంది. వెనక పంపు టిక్ టిక్‌మంటోంది. వాసన వచ్చింది. ఈసారి కొద్దిగా కాదు, గొంతులోకి దిగేంతగా వచ్చింది.

తనకే వస్తుందేమోనని ఆగాను. అక్క మొహం చూస్తూ కూర్చున్నాను. ముక్కు ఒకసారి ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది.

"ఔ," అంది మెల్లగా. "వస్తుంది."

"బంద్ చెయ్యి."

"గీడనా? నడిరోడ్ల?"

"తాళంచెవి తిప్పితేనే పంపు ఆగుతది. లేకుంటే అది పోస్తనే ఉంటది. బంద్ చెయ్యక్కా."

"మళ్ళ గా చౌరస్తాల్నే నన్ను తోపిస్తవా? షెడ్డు గింత దూరంల ఉంది. పోనిస్త." మీట మీద ఆమె చెయ్యి బిగుసుకుంది. వెనక బస్సు హారన్ కొడుతోంది. ఆమె కళ్ళు చౌరస్తా చుట్టూ తిరిగాయి. ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంది. తర్వాత తాళంచెవి తిప్పేసింది. టిక్ టిక్ ఆగింది.

నేను దిగి అటువైపు పరుగెత్తి తలుపు తీశాను. గొళ్ళెం నేనే విప్పాను. ఎప్పుడూ విప్పనివ్వదు, ఆ రోజు ఊరుకుంది. ఫుట్‌పాత్ మీద ఒక చెప్పుల దుకాణం ముందు స్టూలు వేయించి కూర్చోబెట్టి, తిరిగొచ్చి బానెట్ ఎత్తాను.

ఫిల్టరు నా మొహానికి ఎదురుగానే ఉంది. పచ్చగా మెరిసిన ప్లాస్టిక్ ఇప్పుడు బీడీ ఆకు రంగులో ఉంది. కింది వైపు మెత్తబడి పొట్టలా సాగింది. పైపు కలిసేచోట చిన్న పగులు. అక్కడ ఒక చుక్క ఊరుతోంది. దాని కింద జానెడు దూరంలో, ఇంజన్ పొగ బయటికి పోయే ఇనుప గొట్టాలు, మెకానిక్‌లు మానిఫోల్డు అంటారు, వేడికి నల్లగా కాలిపోయి ఉన్నాయి. చుక్క నిండి, జారి, గొట్టం మీద పడింది. సుయ్‌మంది. ఆవిరై పోయింది. ఇంకో చుక్క ఊరడం మొదలైంది. పంపు ఆగింది కాబట్టి అంత మెల్లగా ఊరుతోంది. అది నడుస్తున్నప్పుడు ఎలా పోసిందో నేను ఆలోచించదలచుకోలేదు.

చుట్టూ జనం మూగారు. ఒకాయన సిగరెట్టు నోట్లో పెట్టుకుని బానెట్‌లోకి వంగాడు.

"సిగరెట్ తియ్! దూరం పో!" అని అరిచాను.

"ఏంది సార్, ఊకె అరుస్తున్నరు. సాయం చేస్తమని వస్తే..."

"పెట్రోల్ కారుతుంది! దూరం పో!"

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఆ సిగరెట్టు మనిషి అందరికన్నా దూరం జరిగాడు. పోతూపోతూ నన్నొక మాట కూడా అన్నాడు. అది ఇక్కడ రాయను. చేతిరుమాలు మడిచి చుక్క కింద పట్టి, నిండినప్పుడల్లా రోడ్డు మీద దూరంగా పిండుతూ నిలబడ్డాను. చెప్పుల దుకాణం ఆయన తన ఫోను నుంచి ఉస్తాద్‌కు కబురు చేశాడు.

అక్క స్టూలు మీద నుంచి మెడ చాచి చూస్తోంది. "ఏడ కారుతుంది?" అని అడిగింది.

"ముందటి ఫిల్టర్."

"పైకి పెట్టించినవే, గదేనా?"

"ఉస్తాద్ పెట్టిండు."

"కండ్ల ముంగట పెట్టమన్నది నువ్వే గద తమ్మీ."

నేను అలా అనలేదు. కళ్ళ ముందు అన్న మాట ఉస్తాద్‌ది. నేనన్నది మార్చలేదేమని మాత్రమే. కానీ అక్కడ, మండే ఎండలో, పెట్రోలు కారే రుమాలు పట్టుకుని ఆ తేడా వివరించే స్థితిలో లేను. ఏప్రిల్ ఎండకు మానిఫోల్డు మీద ప్లాస్టిక్ ఏమవుతుందో కాలిన కార్ల ఫైళ్ళు చూసే నాకు తట్టాలి. చలికాలమంతా ఆదివారం ఆదివారం దాన్ని చూసి మురిసిపోయింది నేనే. ఇంతవరకు ఒప్పుకుంటాను.

ఉస్తాద్ మోపెడ్ మీద వచ్చాడు. బానెట్‌లోకి వంగి చూశాడు. జేబులోంచి ఒక గుడ్డపీలిక తీసి పైపు మడిచి గట్టిగా కట్టాడు. చుక్క ఆగింది. తర్వాత తనే ఇద్దరు ఆటోవాళ్ళను పిలిచాడు. "మేడమ్, జర స్టీరింగ్ పట్టుకోవాలె మీరు. మేం తోస్తం," అన్నాడు.

అక్క ఎక్కి కూర్చుంది. అబిడ్స్ నుంచి నాంపల్లి షెడ్డు దాకా ఆ కారును తోశాం. దారి పొడుగునా అక్క తల తిప్పకుండా ముందుకే చూసింది.

షెడ్డులో ఇంజన్ చల్లారేదాకా ఎవరమూ ముట్టుకోలేదు. ఉస్తాద్ బ్యాటరీ తీగ విప్పాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ పెట్టేవాణ్ణి పని ఆపమన్నాడు. అప్పుడు పాత ఫిల్టరు తీసి, రేకుడబ్బాలోకి పెట్రోలు వంచి, తెల్లగుడ్డ మీద తట్టాడు. ఇటుకపొడి లాంటి తుప్పు రాలింది.

"చలికాలం పెట్టిన సార్," అన్నాడు నా వైపు చూడకుండా. "గప్పుడే అనుకున్న, గీడ గరమైతదని."

"అనుకున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంటుంటిరా? మళ్ళ యాడ దాస్తున్నవని అడుగుదురు. టార్చి తెద్దురు, అద్దం తెద్దురు."

తెచ్చి ఉండేవాణ్ణే. ఆ సంగతి అతనికి తెలియనివ్వలేదు. తెలిసీ చెప్పకపోవడం మెకానిక్ తప్పే, కస్టమరు ఎంత సతాయించేవాడైనా సరే. ఆ మాట అతనితో అన్నాను, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అక్క కర్ర నేలకు ఒకసారి కొట్టింది. "మీ ఇద్దరి పంచాయతీ సోమవారం పెట్టుకోన్రి. రేపు పొద్దుగాల ఐదు గంటలకు నేను పోవాలె. పోవచ్చా, పోవద్దా? గది చెప్పున్రి."

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "పోవచ్చు మేడమ్. చీకటి పడకముందే చేసిస్త."

ఇద్దరం మోపెడ్ మీద, కార్ల సామాన్లు దొరికే పుత్లీబౌలి పోయాం. దుకాణదారు మామూలు నీళ్ళ పైపులాంటిది చూపించి, అందరూ ఇదే తీసుకుపోతారన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఉస్తాద్ దాన్ని వెనక్కి తోశాడు. "పెట్రోల్‌కు తట్టుకునే రబ్బర్ పైప్ ఇయ్యి." తర్వాత ఒక చేతిలో ప్లాస్టిక్ ఫిల్టరూ ఇంకో చేతిలో రేకు ఫిల్టరూ పట్టుకుని నా వైపు తిరిగాడు. "రేకుదైతే లోపల కనబడది సార్. మళ్ళేమంటరు?"

దుకాణంలో అందరూ నా మొహం చూశారు.

"కనబడక్కర్లేదు," అన్నాను.

షెడ్డుకొచ్చాక చోటు వెతికాం. మానిఫోల్డుకు అవతలి వైపు, మడ్‌గార్డు లోపలి గోడకు, ఫ్యాను రెక్కలకూ బెల్టుకూ అందనంత దూరంలో. అంటే మొదట పెట్టిన ఆ చీకటి మూలకు దగ్గర్లోనే. ఇద్దరమూ ఆ మాట అనలేదు. పైపుల మీద వేలాడకుండా ఇనుపపట్టీ వంచి బ్రాకెట్టు చేసి, లోపల రబ్బరు చుట్టి, రెండు బోల్టులతో బిగించాడు. ఫిల్టరు మీది బాణం గుర్తు కార్బురేటరు వైపు ఉందో లేదో నేను చూశాను, అతను చూశాడు, అక్క కూడా చూసింది. ఇంజన్ ఊగితే లాగకుండా పైపుకు కొంచెం వదులు ఉంచాడు.

వెనక పంపు దగ్గరి ఫిల్టరు చూడటానికి నేనే కారు కిందికి దూరాను. అది సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంది. ఊగి ఊగి పైపు రేకు అంచుకు రాసుకుని, సగం దాకా అరిగింది. కింద నుంచే అరిచాను. ఉస్తాద్ వచ్చి నా పక్కన పడుకుని చూసి, "గిది గూడ మారుద్దాం," అన్నాడు. ఎదురు చెప్పలేదు. అదీ బ్రాకెట్టు మీదికి ఎక్కింది.

ముందరి ఫిల్టరు పైపులకు క్లిప్పులు బిగించేటప్పుడు ఒకటి నేనే బిగిస్తానన్నాను. అతను స్క్రూడ్రైవరు ఇచ్చేశాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాను. బ్యాటరీ తీగ కలిపి, అక్క తాళంచెవి తిప్పింది. ఇంజన్ లేదు, పంపు మాత్రం. టిక్ టిక్. ప్రతి అతుకు కిందా పాత క్యాలెండరు కాగితం ముక్క పెట్టి ముగ్గురం చూస్తున్నాం. మూడు కాగితాలు పొడిగా ఉన్నాయి. నాలుగోదాని మీద గోధుమగింజంత మచ్చ పడింది, పెద్దదైంది.

"బంద్ చెయ్యక్కా!"

ఉస్తాద్ వేలితో తడిమి చూశాడు. అది నా క్లిప్పు. "బాగ పిసికిన్రు సార్. రబ్బర్ కోసుకపోయింది," అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాకూ అనడానికి ఏదో ఒకటి దొరికేది. తెగిన కొసను కత్తిరించేసి, కొత్త క్లిప్పు వేసి, కొంచెం తిప్పి ఆపాడు. మళ్ళీ కాగితాలు పెట్టాం. ఈసారి నాలుగూ పొడిగానే ఉన్నాయి.

అప్పుడు ఇంజన్ నడిపి, ముల్లు సగం దాటేదాకా ఉంచాం. ఉస్తాద్ నా చెయ్యి పట్టి కొత్త ఫిల్టరు మీద పెట్టాడు. "చెయ్యి ఓర్చుకుంటదా?" అని అడిగాడు. గోరువెచ్చగా ఉంది. చెయ్యి తీయకుండా పది లెక్కపెట్టాను. తర్వాత అక్క ఎడమచేతికి అందేచోట ఒక స్విచ్చు పెట్టాడు. నొక్కితే ఇంజన్‌తో పని లేకుండా పంపు ఆగిపోతుంది. అది మేమెవరం అడగలేదు. అక్క దాన్ని నాలుగైదుసార్లు నొక్కి చూసింది.

ఆదివారం తెల్లవారుజామున నేనూ వస్తానన్నాను.

"నువ్వొద్దు," అంది అక్క.

"వెనక కూసుంట. మాట్లాడ."

"నువ్వు మాట్లాడకున్నా నీ ముక్కు మాట్లాడ్తది. మెదక్ దాకా ఇనలేను తమ్మీ." తర్వాత కొంచెం ఆగి, "నర్సాపూర్ దగ్గర ఆపి చూస్త. దిగి చూస్త. సరేనా?" అంది.

స్క్రూడ్రైవరూ కాగితం ముక్కలూ కారులో ముందు సీటు ఎదురుగా ఉండే పెట్టెలో పెట్టాను. కారు సందు మలుపు తిరిగింది. నేను ఆ రోజు గుడికి పోలేదు. ఇంట్లో ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరయింది, ఏడయింది. నర్సాపూర్ అడవి దారి నాకు తెలుసు. అక్కడ ఆగితే సాయానికి ఎవరూ ఉండరు. నలభై ఆరు అంకెలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో తెలియదు. ఎనిమిదిన్నర దాటాక ఫోను మోగింది.

"వచ్చిన," అంది అక్క. వెనక ఆడవాళ్ళ గోల, నవ్వులు.

"నర్సాపూర్‌ల ఆపినవా?"

"ఆపిన. దిగిన. బానెట్ లేపి చూసిన. తడి లేదు."

"ఇంజన్ వేడి మీదనే చూసినవా?"

"ఔ, వేడి మీదనే."

"చేత్తోనా, కాగితంతోనా?"

"రెండింటితో. ఇగో, జర ఆగు. వీళ్ళంత కారు చుట్టు నిలవడ్డరు, ఫోటో దిగాల్నంట. స్టీరింగ్ కాడ నేను కూసోవాల్నంట." ఎవరో ఆమెను పేరు పెట్టి గట్టిగా పిలిచారు. ఫోను పెట్టేసింది.

వెనక ఫిల్టరు సంగతి తను చెప్పలేదు. స్విచ్చు వేడెక్కిందో లేదో నేను అడగలేదు. ఆ రెండు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి, ఫోను కింద పెట్టి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.